కాగితం మీద చచ్చిన మిషను

ముందు నిర్ణయం, తర్వాత కారణాలు. ఏజెన్సీలో నా సర్వీసంతా కలిపి నేను నేర్చుకున్న పరిపాలనా శాస్త్రం ఇంతకు మించి లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "బిజినెస్ కేసు ఎలా రాయాలి సార్?" అని అడుగుతుంటారు. మీకు కంప్యూటర్లున్నాయి, రంగురంగుల గ్రాఫులున్నాయి, ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. మాకు ఒక డొక్కు టైపు మిషను, ఒక కట్ట కార్బన్ కాగితాలు ఉండేవి. అబద్ధం రాయడానికి మాకు ఆ మాత్రం సరిపోయింది. అయినా అడిగారు కాబట్టి, ఎలా రాయాలో కాదు గానీ, మేము రాసినదాని సంగతి ఒకటి చెబుతాను.

నేను పనిచేసింది అరకు లోయకు ఇవతల, గిరిజనుల బాగు కోసం ప్రభుత్వం పెట్టిన ఒక కార్యాలయంలో. ప్రణాళిక విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. తొంభైల చివర్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పెద్ద ఖర్చు ఏది చేయాలన్నా ముందు బిజినెస్ కేసు తయారుచేయాలని దాని సారాంశం. అవసరం ఏమిటి, దాన్ని తీర్చడానికి ఎన్ని దారులున్నాయి, ఏ దారికి ఎంత ఖర్చు, ఎవరికి లాభం, ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది, ఇవన్నీ తూచి చూసుకుని ఆ తర్వాతే నిర్ణయం తీసుకోవాలి. నిజం చెప్పాలంటే అంత బుద్ధిగల కాగితం మా ఆఫీసు గడప తొక్కడం అదే మొదలు. మా పెద్ద సారు దాన్ని రెండుసార్లు చదివి, నెత్తి గోక్కుని, "ఇప్పుడెలాగయ్యా? ఫ్యాక్టరీకి శంకుస్థాపన రాయి చెక్కించేశాం కదా," అన్నారు.

రాయి అప్పటికే మా స్టోరు రూములో గోడకు ఆనించి ఉంది. గోనె సంచి కప్పి ఉండేది. మంత్రిగారి పేరు, పెద్ద సారు పేరు, ఇంజనీరు పేరు, అన్నీ అక్షరం తప్పు లేకుండా చెక్కి ఉన్నాయి. ఇక బిజినెస్ కేసు రాయడమంటే పెళ్లయ్యాక జాతకాలు చూపించడమే కదా. ఆ జాతకం చూడటానికి హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించారు.

ఆ ఫ్యాక్టరీ కాఫీ పళ్ల ఫ్యాక్టరీ. మా కొండల్లో కాఫీ తోటలు వేయించిన తర్వాత గిరిజనులు పళ్లను అలాగే ఎండబెట్టి, వ్యాపారి ఎంతిస్తే అంతకు అమ్ముకునేవారు. పండు కోసిన రోజే పైతోలు ఒలిచి, గింజను కడిగి ఆరబెడితే చాలా మంచి ధర వస్తుంది. ఒక్క రాత్రి ఆగినా పండు సంచిలో వేడెక్కి పులుస్తుంది, దాంతో రుచి పోతుంది, ధరా పోతుంది. అందుకని రోడ్డు పక్కన పెద్ద ఫ్యాక్టరీ ఒకటి కట్టేస్తే చుట్టుపక్కల కొండల మీది పళ్లన్నీ రోజూ అక్కడికి దిగొస్తాయని పెద్దలు నిర్ణయించారు.

రోజూ దిగొస్తాయట! మా వైపు కొండ మీది మనిషి కిందికి దిగేది సంత రోజునే. ఉప్పు కొనాలన్నా, చింతపండు అమ్మాలన్నా, పిల్లకు సంబంధం మాట్లాడాలన్నా, డాక్టరుకి చూపించుకోవాలన్నా సంత రోజే. మిగతా రోజుల్లో కొండ దిగితే పొలం పని ఎవడు చేస్తాడు? ఈ సంగతి పెద్ద సారుకి తెలుసు, ఇంజనీరుకి తెలుసు, నాకు తెలుసు, మా ఆఫీసు జీపు డ్రైవరుకీ తెలుసు. తెలియక చేసిన తప్పయితే నేను ఇన్నేళ్లకు దీన్ని మీకు చెప్పను. హుకుంపేట సంత రోజున మా ఆఫీసులో సగం మంది సీట్లలో ఉండరు, కూరగాయలకు పోతారు. అంత బాగా తెలుసు.

కన్సల్టెంటు చాలా మర్యాదస్తుడు. అందరినీ "అండీ" అని పిలిచేవాడు. బిజినెస్ కేసులో తప్పనిసరిగా మూడు మార్గాలు చూపించాలని నాకు నేర్పాడు. మొదటిది, ఏమీ చేయకుండా ఉండటం. రెండోది, ఉన్నదాన్ని బాగుచేసి పెంచుకోవడం. మూడోది, కొత్తది కట్టడం. ఏమీ చేయకుండా ఉండటం మా ఆఫీసుకు తరతరాలుగా అలవాటైన పనే గానీ, కాగితం మీద మాత్రం అది ఎప్పుడూ ఓడిపోయేది. ఓడిపోవడానికే దాన్ని పెడతారని అతనే నవ్వుతూ చెప్పాడు.

చిక్కంతా రెండో మార్గంతో వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు, వేరే అధికారి ఉన్నప్పుడు, ఒక కొండ మీది ఊరికి చేత్తో తిప్పే చిన్న ఒలుపు యంత్రం ఒకటి ప్రయోగంగా ఇచ్చారు. దాన్ని బేబీ పల్పర్ అంటారు. ఊరంతా కలిసి వాడుకునేది. దాని బాధ్యత ఒక విధవరాలు చూసుకునేది. ఆమెను మా ఆఫీసులో అందరం పల్పరప్ప అనేవాళ్లం. అప్ప అంటే మా వైపు అక్క. వాగు ఒడ్డున బండ మీద బిగించిన ఆ యంత్రం చేతిపిడిని ఆమె రోజూ సాయంత్రం ఊడదీసి ఇంటికి పట్టుకుపోయేది. పిల్లలు ఆటకు ఉత్తినే తిప్పితే లోపలి ఒలుపు రేకు అరిగిపోతుందని ఆమె భయం. అంతకు ముందు ఏడాది కోతల కాలంలో నేను ఆ ఊరు వెళ్లాను. ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా పళ్లు కోసి, అక్కడే ఒలిచి, వాగు నీళ్లలో కడిగి ఆరబోస్తున్నారు. సంత రోజు వచ్చేసరికి ఎండిన గింజ సంచుల్లో సిద్ధంగా ఉండేది. అది పులవదు, దానికి తొందర లేదు. పల్పరప్ప కూతురు కింద క్రైస్తవ మిషనరీ ఆసుపత్రి వాళ్ల నర్సుల స్కూల్లో చేరింది ఆ గింజల మీదే.

ఇలాంటి యంత్రాలు ఊరికొకటి ఇస్తే చాలు. లెక్క ఎటు తిప్పి వేసినా రెండో మార్గమే గెలుస్తోంది. కన్సల్టెంటు దాని ఖర్చు పెంచి చూశాడు, ఆదాయం తగ్గించి చూశాడు, అయినా గెలుస్తోంది. ఆఖరికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ పైలట్ ప్రాజెక్టు ఫెయిలైంది కదండీ?" అని అడిగాడు.

"లేదండీ. నేను చూశాను. బాగా నడుస్తోంది," అన్నాను.

"మీరొక్కరు చూస్తే అది ఎవిడెన్స్ కాదండీ. టెక్నికల్ రిపోర్టు కావాలి."

టెక్నికల్ రిపోర్టు ఇంజనీరు ఇచ్చాడు. మా ఇంజనీరు మంచివాడే, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. ఆ కొండ ఎక్కడం మాత్రం అతని వల్ల కాలేదు. మోకాళ్ల నొప్పులు. రోడ్డు చివర జీపు ఆపించి, టీ తాగి, ఆకాశం వైపు చూసి వెనక్కి వచ్చాడు. మర్నాడు రిపోర్టు నా టేబుల్ మీద ఉంది. "యంత్రం మరమ్మతుకు వీలులేని స్థితిలో నిరుపయోగంగా పడి ఉన్నది. పునరుద్ధరణ అసాధ్యము." చూసినవాడి మాట సాక్ష్యం కాదు, చూడనివాడి సంతకం సాక్ష్యం. నేను ఫైల్లో ఒక నోటు రాసి పెట్టాను, యంత్రం నడుస్తోందని, ఒకసారి వెళ్లి చూస్తే మంచిదని. పెద్ద సారు దాని పక్కన "చూశాను" అని సంతకం పెట్టి ఫైలు ముందుకు తోశారు. ఆయన చూసింది నా నోటును, యంత్రాన్ని కాదు.

బిజినెస్ కేసు కొండల కింద పట్నంలో, ఖర్చులు ఆమోదించే కమిటీ ముందుకు వెళ్లింది. ఫైళ్లు మోసే ఉద్యోగం కాబట్టి నేనూ వెళ్లాను. ఏసీ గది, జీడిపప్పు ప్లేట్లు. అంతమందిలో ఒక్క పెద్దాయన మాత్రం, "కొండ మీంచి రోజూ మోసుకొస్తారంటారా?" అని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కన్సల్టెంటు ఏమాత్రం తడుముకోకుండా, అందుకోసం ప్రవర్తనలో మార్పు తెచ్చే కార్యక్రమం కూడా ప్రతిపాదించామని చెప్పాడు. అంటే తాతల నాటి నుంచి వారానికోసారి దిగే కొండని రోజూ దిగమని గోడల మీద నినాదాలు రాయిస్తారన్నమాట. పెద్దాయన తల ఊపి జీడిపప్పు అందుకున్నాడు. ఆమోదం దొరికింది. గోనె సంచి తీసి రాయిని జీపెక్కించారు.

ఫ్యాక్టరీ అయితే బ్రహ్మాండంగా కట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్ద పెద్ద తొట్లు, సిమెంటు కళ్లం, కరెంటు యంత్రాలు, గేటు దగ్గర కాపలాదారుకి గది. మొదటి ఏడాది కోతలు మొదలయ్యాయి. సంత రోజు తప్ప వారంలో మిగతా రోజులన్నీ సిబ్బంది పేకాడుకున్నారు. సంత రోజు పొద్దున్నే నెత్తి మీద బుట్టలతో, గుర్రాల మీద బస్తాలతో కొండలన్నీ ఒక్కసారి దిగాయి. బస్తా మూతి విప్పితే పులిసిన వాసన రోడ్డు దాకా కొట్టింది. ఫ్యాక్టరీ వాళ్లు ముక్కు మూసుకుని, "గ్రేడు లేదు, తీసుకోం," అన్నారు. ఎదురుగా చింతచెట్టు కింద సాలూరు నుంచి వచ్చిన షావుకారు కాటా వేలాడదీసుకుని కూర్చున్నాడు. అతను ఏ బిజినెస్ కేసూ రాసుకోలేదు గానీ వ్యాపారం మాత్రం బాగా చేసుకున్నాడు. పై వారం నుంచి ఫ్యాక్టరీ గేటు వైపు ఎవరూ రాలేదు.

ఇంత ఫ్యాక్టరీ ఖాళీగా ఎందుకుందని పైనుంచి అడిగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా వాళ్లకు ఒక కారణం దొరికింది. కొండ మీద ఆ చేతి యంత్రం ఒకటి ఉండబట్టి పళ్లు పక్కదారి పడుతున్నాయట! కన్సల్టెంటు దానికి "లీకేజీ" అని పేరు కూడా పెట్టాడు. ఒక్క బేబీ పల్పర్ అంత ఫ్యాక్టరీని మింగేసిందంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ యంత్రం ఆఫీసు ఆస్తి కాబట్టి వెనక్కి తెచ్చేయాలని పెద్ద సారు ఆజ్ఞ. ఆయనే స్వయంగా బయల్దేరారు. కన్సల్టెంటు, ఇంజనీరు, రసీదు రాయడానికి నేను. ఈసారి ఇంజనీరుకి మోకాళ్ల నొప్పులు లేవు.

రోడ్డు చివర జీపు దిగి నడిచాం. మేం చేరేసరికి వాగు ఒడ్డున పని జోరుగా సాగుతోంది. పల్పరప్ప పిడి తిప్పుతుంటే ఒక ముసలమ్మ పైనుంచి దోసిళ్లతో పళ్లు పోస్తోంది. ఎర్ర తోలు ఒకవైపు, తెల్ల గింజ ఒకవైపు పడుతున్నాయి. మమ్మల్ని చూసి అప్ప చేయి ఆపి, చెంగుకు తుడుచుకుంది.

"ఏటి బాబూ, ఇంతమంది ఒక్కసారే వచ్చినారు? కూసోండి, టీ పెడతాను," అంది నాతో.

పెద్ద సారు కూర్చోలేదు. "అమ్మా, ఈ మిషను ప్రభుత్వానిది. తీసుకెళ్లిపోతున్నాం. ఇకనుంచి మీ పళ్లు రోజూ ఫ్యాక్టరీకి తీసుకురండి," అన్నారు.

ఆమెకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక పిడి ఊడదీసి చంకలో పెట్టుకుంది. "రోజూ దిగితే కోసేదెవురు బాబూ? ఈ పళ్లు సంత దాకా ఆగవు కదా. మొన్న మా కిందూరోళ్లు మీ పేక్టరీకి తెచ్చినారు, కంపు కొడతన్నాదని తోసేసినారు. మీరే తోసేసి, మీరే తెమ్మంటే ఎలాగ?"

"అదంతా సెటిల్ అవుతుందమ్మా. కొంచెం టైం పడుతుంది," అన్నాడు కన్సల్టెంటు.

"మీకు టైముంటాది బాబూ. నా గుంట నర్సు సదువు ఆకరు ఏడు. ఈ గింజ అమ్మితేనే దానికి పీజు. ఇప్పుడు మిషను అట్టుకుపోతే దాన్ని ఇంటికి తెచ్చేసుకోవాల." నా వైపు తిరిగి, "నువ్వు సెప్పు బాబూ, నువ్వు సూసినావు గదా," అంది.

సీనియర్ అసిస్టెంటు కడుపు మంటకు ఏ ఆఫీసులోనూ విలువ లేదు. నేను బండ మీద కూర్చుని, మోకాలి మీద ప్యాడు పెట్టుకుని రసీదు రాయడం మొదలుపెట్టాను. "చేతితో తిప్పు పల్పర్ ఒకటి" అని రాశాను. తర్వాత గడి దగ్గర కలం ఆగింది. అలవాటు ప్రకారం అడిగాను.

"సార్, స్థితి ఏమని రాయమంటారు?"

"స్థితేమిటయ్యా? పనిచేస్తోంది అని రాయి."

"అలాగే సార్. కాకపోతే, మన బిజినెస్ కేసులో ఇది మరమ్మతుకు వీలులేదని, పునరుద్ధరణ అసాధ్యమని ఉంది. కమిటీ దాన్ని చూసే రెండో మార్గం కొట్టేసింది. ఇప్పుడు పనిచేస్తున్న మిషను పట్టుకొచ్చామని రసీదు పెడితే, ఆడిట్ వాళ్లు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారేమోనని."

పెద్ద సారు ఇంజనీరు వైపు చూశారు. "మీరు ఇన్‌స్పెక్షన్ చేశారు కదా?"

ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. "అప్పుడు రోడ్డు బాగోలేదు సార్."

"అయితే పనిచేయడం లేదని రాసేయి," అన్నారు పెద్ద సారు నాతో.

"రాస్తాను సార్. పనిచేయని మిషను పళ్లను పక్కదారి పట్టించిందని మొన్న పైకి జవాబు పంపాం. అది కూడా ఫైల్లోనే ఉంది."

కన్సల్టెంటు అందుకున్నాడు. "తర్వాత ఎవరో రిపేరు చేసి ఉండొచ్చు కదండీ?"

"ఉండొచ్చండీ. అసాధ్యమని మనం రాసినదాన్ని ఎవరు చేశారని రాయమంటారు?" అన్నాను. నా గొంతులో వినయం తప్ప మరేమీ లేదు. ఆ వినయం అలవరచుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫ్యాక్టరీ మొత్తం ఆ ఒక్క పేజీ మీద నిలబడి ఉందని పెద్ద సారుకి అప్పుడు తట్టింది. యంత్రం బతికి ఉందంటే ఫ్యాక్టరీకి ఆమోదం తప్పు. చచ్చిందంటే దాన్ని మోసుకెళ్లడానికి వచ్చిన మేం పిచ్చివాళ్లం. ఆయన వాగు వైపు చూశారు, కొండ వైపు చూశారు, యంత్రం వైపు మాత్రం చూడలేదు. చివరికి చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "మనం ఇవాళ ఇక్కడికి రాలేదు," అని తిరుగుదారి పట్టారు. కన్సల్టెంటు బూట్లు బురదలో జారుతుంటే ఇంజనీరు చెయ్యి పట్టుకున్నాడు. నేను సగం రాసిన రసీదు చింపి జేబులో వేసుకున్నాను. ఏమీ చేయకుండా ఉండటం అనే మొదటి మార్గం నా సర్వీసులో గెలవగా నేను చూసింది ఆ రోజే.

పల్పరప్పకు జరిగిందేమిటో అర్థం కాలేదు. చంకలోని పిడి తీయకుండానే, "ఎల్లిపోతన్నారేటి బాబూ? మిషను వద్దా?" అని అడిగింది.

"వద్దప్పా. ఈ మిషను చచ్చిపోయిందని మా కాగితంలో ఉంది. చచ్చినదాన్ని మోసుకెళ్లడం మా ఆఫీసులో కుదరదు," అన్నాను.

"సచ్చిపోనాదా? ఇప్పుడే గదా తిప్పినాం," అంది ఆమె అయోమయంగా. వెనకాల ముసలమ్మ మాత్రం, "పోతే పోనారు, బేగి తిప్పే, పళ్లు ఎండకి ఏడెక్కతన్నాయి," అని కేకేసింది.

నా వినయానికి ప్రతిఫలం బేగినే దొరికింది. ఆ కోతలు ముగిసేలోపు నన్ను మారుమూల కొయ్యూరుకు బదిలీ చేశారు. పరిపాలనా సౌలభ్యం కోసం అని రాశారు. దానికి మాత్రం ఎవరూ బిజినెస్ కేసు అడగలేదు.

నేను రిటైరయ్యే ముందు మళ్లీ అటువైపు వెళ్లాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేటుకు తాళం. సిమెంటు కళ్లం మీద చుట్టుపక్కల వాళ్లు రాగులు ఆరబోసుకుంటున్నారు, అంతవరకు ఉపయోగమే. శంకుస్థాపన రాయి మీద పేర్లు ఇంకా చెక్కుచెదరలేదు. కొత్త అధికారులు, కొత్త కన్సల్టెంట్లు వచ్చారు. ఊరూరా చేతి యంత్రాలు ఇవ్వాలని వాళ్లొక కొత్త బిజినెస్ కేసు రాస్తున్నారు. ఇంతకుముందు ఎక్కడైనా ఇలాంటిది నడిచిందా అని ఒకతను నన్ను అడిగాడు. ఫోటో తీసి మొదటి పేజీలో వేస్తారట.

అడిగి చెబుతానన్నాను. కొండెక్కాను. పల్పరప్ప జుట్టు నెరిసింది. కూతురు ఆ మండలంలోనే ఆసుపత్రిలో నర్సుగా చేస్తోందని చెప్పింది. పల్పర్‌కి రేకు రెండుసార్లు మార్చుకున్నారట, ఊళ్లో చందాలు వేసుకుని. యంత్రం అదే బండ మీద తిరుగుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. పేపరులో పేరు వస్తుందన్నాను, పెద్దవాళ్లు చూడటానికి వస్తారన్నాను.

ఆమె పిడి తిప్పడం ఆపలేదు. "బాబూ, మీ ఆపీసు కాయితంలో మా మిషను ఇంకా సచ్చిపోయే ఉన్నాదా?" అని అడిగింది.

"ఉంది అప్పా. దాన్ని ఎవరూ దిద్దలేదు."

"అయితే అలాగే ఉండనీ," అంది. "బతికున్నాదని తెలిస్తే మళ్లీ వత్తారు."